రూపాయల్లో వచ్చిన మెసేజ్

ఉదయం 9:05.

హోటల్ ముందు టూర్ బస్సు ఇంజన్ రొద పెడుతోంది. పద్నాలుగు మందిలో పదమూడు మంది ఎక్కి కూర్చున్నారు. రానివాడు ఒక్కడే. కండక్టర్ బాబాయి.

అదీ విడ్డూరం. ఆయన ముప్పై రెండేళ్లు బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆలస్యమన్నది ఆయన ఒంట్లోనే లేదు. ఈ ఆరు రోజులూ అందరికంటే ముందొచ్చి, నోట్లు నిలువునా మడిచి వేళ్ళ సందున ఇరికించుకుని మెట్టు మీద నిలబడి, "త్వరగా ఎక్కాలి, లోపలికి జరగాలి" అంటూ బస్సంతా నవ్వించింది ఆయనే.

ఇవాళ ఆ మెట్టు ఖాళీగా ఉంది.

"ఏటీఎంకని ఏడింటికి వెళ్ళారమ్మా," అంది ఆయన భార్య. బస్సులో అందరికీ ఆమె పిన్ని. గుప్పిట్లో మాత్ర, రెండో చేతిలో నీళ్ల సీసా. "ఎనిమిదింటికి బీపీ మాత్ర పడాలి. ఇంకా వేసుకోలేదు."

ఆమె ఆ మాట చెప్పుకున్నది ఇన్‌స్పెక్టరమ్మతో. స్వదేశంలో ఇన్‌స్పెక్టరమ్మ పని ఆర్థిక నేరాల విభాగంలో. ఇరవై ఏళ్ల సర్వీసులో ఇదే మొదటి పెద్ద సెలవు. దేశం దాటితే పోలీసు పని వదిలిపోతుందనుకుంది పాపం.

"రెండు గంటలా?" అంది ఇన్‌స్పెక్టరమ్మ. "ఫోన్?"

"గదిలోనే వదిలేసి వెళ్ళారు. బ్యాంకు మెసేజ్‌లు కూడా నా ఫోన్‌కే వస్తాయి."

"వచ్చాయా?"

పిన్ని తల ఊపింది. ఫోన్ తీసి చూపించింది. మూడు మెసేజ్‌లు.

7:21. మూడు వేలు, ఈ దేశపు డబ్బు.

7:46. నలభై వేల రూపాయలు, ఇంకో చోటి మెషిన్‌లో.

7:49. ఇంకో నలభై వేల రూపాయలు.

ఇన్‌స్పెక్టరమ్మ ఉలిక్కిపడింది. మొత్తం చూసి కాదు. ఆ 'రూపాయలు' అన్న మాట చూసి.

ఎందుకంటే విదేశంలో డబ్బు తీయడమంటే బాబాయికి యుద్ధం. విమానం దిగిన మొదటి గంటలోనే అందర్నీ నిలబెట్టి చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. "ఎయిర్‌పోర్టులో మార్చొద్దు, హోటల్లో మార్చొద్దు. బ్యాంకు గోడకున్న ఏటీఎంకే వెళ్ళండి. మెషిన్ చివర్లో ఒక ప్రశ్న అడుగుతుంది. మీ రూపాయల్లో లెక్క కట్టమంటారా, ఇక్కడి డబ్బులోనా అని. మన రూపాయి కదా అని ముచ్చటపడి నొక్కారో, నూటికి ఆరో ఏడో బొక్క! వద్దు అని నొక్కండి. నా మాట వినండి."

ఇక్కడి డబ్బులో తీస్తే మెసేజ్ ఇక్కడి డబ్బులో వస్తుంది. రూపాయల్లో వచ్చిందంటే ఎవరో ఆ 'సరే' నొక్కారన్నమాట.

బాబాయి నొక్కడు. తలకాయ తీసినా నొక్కడు.

"పిన్నీ, ఈ రెండో మెసేజ్ ఎప్పుడు చూశారు?"

"అప్పుడే చూశాను."

"7:46కే? మరి ఎవరికీ చెప్పలేదేం?"

పిన్ని తల వంచుకుంది. "రాత్రి పోట్లాడానమ్మా. బజార్లో ఒక శాలువా నచ్చింది నాకు. ఆయన అక్కడే నిలబడి ఆ రేటు, ఈ రేటు అని లెక్కలు కట్టి వద్దన్నారు. నలభై ఏళ్ల కాపురంలో నాకోసం ఒక్కసారైనా లెక్క చూసుకోకుండా ఖర్చు పెట్టారా అని నానా మాటలూ అన్నాను. పొద్దున్నే రూపాయల్లో మెసేజ్ చూసేసరికి... నాకోసమే అనుకున్నాను. పోతే పోయిందని నొక్కేసి శాలువా కొనడానికి వెళ్ళారనుకున్నాను. మురిసిపోయానమ్మా. తల దువ్వుకుని, బొట్టు సరిచేసుకుని కూర్చున్నాను."

ఇన్‌స్పెక్టరమ్మ ఆమె చేతిలోంచి నీళ్ల సీసా తీసుకుని పక్కన పెట్టింది.

9:12. విచారణ మొదలైంది.

మొదట హోటల్ కౌంటరాయన. టూరిస్టులకు డబ్బు మార్చేది కూడా అతనే. మనవాళ్లతో పదేళ్లుగా మాట్లాడి మాట్లాడి తెలుగు బాగానే పట్టుబడింది. బాబాయి అంటే అతనికి ఒళ్ళుమంట. కౌంటర్ దగ్గర కాపు కాసి మరీ మనవాళ్లను వెనక్కి పంపేస్తుంటే ఉండదా మరి?

"ఎన్నింటికి బయటికి వెళ్ళాడు?"

"7:05. నన్ను చూసి నవ్వాడు కూడా. నీ రేటు ఇవాళ కూడా దోపిడీయేనా అన్నాడు."

"నువ్వు కదల్లేదా?"

"ఆరింటి నుంచి ఈ కుర్చీలోనే. కెమెరా ఉంది, చూసుకోండి."

చూసింది. నిజమే.

తర్వాత పిన్ని తమ్ముడు. బాబాయికి బావమరిది. ఆ కార్డు పిన్ నంబర్ తెలిసిన మూడో మనిషి. పొద్దున 7:15 నుంచి 8:10 దాకా గదిలో లేడు.

"ఎక్కడికి వెళ్ళారు?"

"వాకింగ్."

"ఎటు?"

"అటు... ఇటు..."

"గుమ్మడికాయల దొంగ అంటే మీరు భుజాలు తడుముకుంటున్నారు. ఎటు?"

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "వెనక సందులో సిగరెట్టు మేడమ్. మానేశానని అక్క మీద ఒట్టేశాను. దయచేసి చెప్పకండి."

వెనక సందు కెమెరాలో మూడు సిగరెట్లూ ఉన్నాయి.

ఇక టూర్ మేనేజర్. ముప్పై ఐదేళ్లుంటాయి. ముఖాన చెదరని నవ్వు. అందరినీ అమ్మా నాన్నా అంటూ తిరిగే మనిషి.

"బాబాయిని చివరిసారి ఎప్పుడు చూశారు?"

"రాత్రి భోజనాల దగ్గర మేడమ్. పొద్దున నేను లేచిందే ఎనిమిదిన్నరకి." ఆ నవ్వు కాస్త తగ్గింది. "నా భయమల్లా ఒకటే. ఈ ఊళ్ళో ఏటీఎంల దగ్గర కాచుకుని ఉంటారు. నేను మార్చిపెడతానంటే పెద్దాయన వింటేనా? మీ అందరికీ కవర్లలో పెట్టి ఇవ్వలేదూ?"

అది నిజం. బయల్దేరే ముందే అందరి దగ్గరా రూపాయలు తీసుకుని, టోకున మారిస్తే మంచి రేటని చెప్పి, ఈ దేశపు నోట్లు కవర్లలో పెట్టి ఇచ్చాడు. చిన్న నోట్లు పైన, పెద్దవి అడుగున. పెద్దవి చివరి రోజు షాపింగ్‌కి ఉంచుకోండి అన్నాడు కూడా. ఆ కవరు తీసుకోనిది బాబాయి దంపతులూ, పిన్ని తమ్ముడూ మాత్రమే. ఇన్‌స్పెక్టరమ్మ కూడా తీసుకుంది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు.

"మీరు స్టేషన్‌కి వెళ్ళి రండి మేడమ్. టాక్సీకి ఇవి ఉంచండి," అంటూ మేనేజర్ పర్సులోంచి రెండు నోట్లు తీసి చేతిలో పెట్టాడు. ఆమె ఆలోచనలో ఉండి పర్సులో వేసుకుంది.

9:30. పోలీస్ స్టేషన్.

అక్కడి ఎస్సై మర్యాదస్తుడే. మెసేజ్‌లు చూశాడు, విన్నాడు, తల పంకించాడు. ఆయన ఇంగ్లీషులో చెప్పిన దాని సారాంశం ఇది. ముసలాయన మొదటిసారి తనే తీసుకున్నాడు. వెనకనుంచి ఎవడో పిన్ చూశాడు. కార్డు లాక్కున్నాడు. రెండోసారి, మూడోసారి నొక్కింది దొంగ. వాడికి ఈ రూపాయల గొడవ తెలీదు కనుక కనిపించింది నొక్కాడు. మెషిన్ కెమెరా రికార్డు బ్యాంకు నుంచి రావాలంటే రేపటి మాట.

"మరి మనిషి?"

ఎస్సై కిటికీలోంచి బయటికి చూశాడు. ఈమధ్య ఇలాంటివి రెండు జరిగాయన్నాడు. ఒకాయన కాలవలో దొరికాడు. రెండో ఆయన దొరకలేదు.

తిరుగు టాక్సీలో ఇన్‌స్పెక్టరమ్మ ఆ మెసేజ్‌లే మళ్ళీ మళ్ళీ చదివింది. ఎస్సై చెప్పింది అతికినట్టే ఉంది. అదే ఆమెకు నచ్చలేదు. దొంగకు కార్డు దొరికితే ఉన్నచోటే ఊడ్చుకుపోతాడు గానీ, ఇరవై ఐదు నిమిషాలు ఆగి వేరే మెషిన్‌కి ఎందుకు నడుస్తాడు?

10:02. హోటల్ ముందు టాక్సీ ఆగింది. వెళ్ళేటప్పటి టాక్సీకే చేతిలోని చిన్న నోట్లు అయిపోయాయి. తన కవర్లోంచి మొదటిసారి ఒక పెద్ద నోటు తీసి ఇచ్చింది.

డ్రైవర్ నోటు చూశాడు. ఆమెను చూశాడు. తల అడ్డంగా ఊపి వెనక్కి ఇచ్చేశాడు.

ఇంకోటి ఇచ్చింది. అదీ వెనక్కే.

మూడోది మేనేజర్ ఇచ్చింది. డ్రైవర్ మొహం విప్పారింది. సరేనన్నాడు. కానీ ఆ నోటు చేతిలో చదునుగా నిలవడం లేదు. మధ్యలో పైకి లేస్తోంది. అతను దాన్ని మోకాలి మీద పెట్టి అరచేత్తో రుద్దాడు. మళ్ళీ లేచింది. కొత్త నోటు. కాగితం పెళపెళలాడుతోంది. కానీ ఈ కొసనుంచి ఆ కొసదాకా, పొడవునా, గోటితో గీసినట్టు మడత.

"ఆగు!" అని తెలుగులోనే అరిచింది ఇన్‌స్పెక్టరమ్మ. నోటు లాక్కుంది. "కౌంటరాయనా! ఈ టాక్సీకి డబ్బు నువ్వివ్వు. తర్వాత చెప్తాను!"

10:20. టిఫిన్ల హాలు.

అందరూ ఉన్నారు. పిన్ని ఒక మూల, తమ్ముడి భుజం పట్టుకుని. గుమ్మం దగ్గర ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్ళు. ఇన్‌స్పెక్టరమ్మ ఫోన్‌లో చెప్పిన నాలుగు ముక్కలకే ఆయన పరిగెత్తుకొచ్చాడు. బస్సు డ్రైవర్ కాఫీ కప్పు పట్టుకుని తాగడం మర్చిపోయాడు. మేనేజర్ అందరికీ కుర్చీలు జరుపుతున్నాడు.

"మీరూ కూర్చోండి," అంది ఇన్‌స్పెక్టరమ్మ. "రెండే ప్రశ్నలు. బాబాయి మీ దగ్గర ఎప్పుడైనా డబ్బు మార్చుకున్నారా?"

"అయ్యో, పైసా మార్చుకోలేదు మేడమ్. పిల్లికి బిచ్చం పెట్టని మనిషి."

"టిప్పు గానీ, బాకీ గానీ, ఏ రూపంలోనైనా ఆయన చేతి డబ్బు మీ చేతికి వచ్చిందా?"

"ఒక్క నోటు కూడా రాలేదు. అందరూ సాక్ష్యం."

"మంచిది. మీ పర్సులో నోట్లన్నీ తీసి ఎస్సైగారికి ఇవ్వండి."

మేనేజర్ నవ్వు ముఖం మీదే ఉండిపోయింది. చెయ్యి మాత్రం కదల్లేదు. కానిస్టేబులే పర్సు తీశాడు. నోట్లు బల్ల మీద పరిచాడు.

ఒక్కటీ చదునుగా పడుకోలేదు. ఇరవై ముప్పై కొత్త నోట్లు, అన్నీ మధ్యలో లేచి నిలబడ్డాయి. అన్నిటికీ పొడవునా అదే మడత. దాని మీద పర్సులో పట్టడానికి అడ్డంగా ఇంకో మడత.

పిన్ని లేచి నిలబడింది. "అవి ఆయనవే."

"అవును పిన్నీ. నోటును నిలువునా మడిచి వేళ్ళ సందున ఇరికించుకునేది కండక్టర్లే. ముప్పై రెండేళ్ల అలవాటు. ఈ ఆరు రోజులూ మనమంతా చూసి నవ్వుకున్నాం. చేతికి డబ్బు రాగానే, మెదడుతో పని లేకుండా వేళ్ళే మడిచేస్తాయి. ఏటీఎం నుంచి వచ్చిన కొత్త నోట్లకు ఆ మడత పడిందంటే వాటిని అందుకున్నది దొంగ కాదు. బాబాయే. ఇన్ని నోట్లు మొదటి మూడు వేలకు రావు. అంటే రెండోసారి, మూడోసారి కూడా మెషిన్ ముందు నిలబడింది బాబాయే."

"మరి ఆ రూపాయలు?" అన్నాడు బావమరిది. "బావ ఛస్తే నొక్కడు."

"నొక్కాడు. ఒకసారి పొరపాటనుకుందామన్నా రెండుసార్లు నొక్కాడు. పక్కన ఒకడు నిలబడి ఉన్నాడు. అరవలేడు, ఫోన్ లేదు. కానీ మెసేజ్ పిన్ని ఫోన్‌కి వెళ్తుందని తెలుసు. తను చచ్చినా నొక్కనిది నొక్కితే, ఏదో ముంచుకొచ్చిందని పిన్నికి తెలిసిపోతుందనుకున్నాడు."

పిన్ని నోటి మీద కొంగు అదుముకుంది. ఇన్‌స్పెక్టరమ్మ ఆమె వైపు చూడకుండా ముందుకు సాగింది.

"ఎందుకు జరిగిందంటారా? మీ కవర్లలో అడుగునున్న పెద్ద నోట్లు తీయండి. కౌంటరాయనా, చూసి చెప్పు."

కౌంటరాయన వెలుతురుకు పెట్టి చూడనైనా లేదు. "ఇవి పాతవి. రద్దయి రెండేళ్లయింది. చిత్తుకాగితాల కింద లెక్క. నిన్న సాయంత్రం మీ కండక్టర్ మీవాళ్ళలో ఎవరిదో ఒకటి తెచ్చి ఇదే అడిగాడు. ఇదే చెప్పాను."

హాలులో గోల లేచింది. ఎవరో ఏడుస్తున్నారు, ఎవరో తిడుతున్నారు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఒక కండక్టరు పట్టాడు. పట్టి, చేసిన తప్పల్లా నలుగురిలో అరవకుండా, వాడిని విడిగా నిలదీసి ఒక అవకాశం ఇవ్వడం.

"ఎక్కడున్నాడు?" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

మేనేజర్ చేతి గడియారం చూసుకున్నాడు. అంతే. ఆ చూపులో ఉన్నదేమిటో ఆమెకు అర్థమైంది. వాడు టైము గడవడం కోసం చూస్తున్నాడు.

"చెప్పకపోయినా ఫర్లేదు. మెసేజ్‌లో రెండో మెషిన్ చోటు రాసి ఉంది. కౌంటరాయనా, ఇదెక్కడ?"

"పాత బస్ యార్డు గేటు పక్కది."

కానిస్టేబుల్ మేనేజర్ జేబులోంచి తీసిన తాళాల గుత్తి చూసి బస్సు డ్రైవర్ రెండు తాళాలు వేలితో చూపించాడు. యార్డులో రిపేరుకు పడేసిన బస్సువట. రెండు నెలలుగా ఎవరూ ముట్టుకోలేదు.

10:58. యార్డు.

షెడ్డు లేదు. చెట్టు లేదు. ఎండ నిలువునా దిగుతోంది. తుప్పు పట్టిన బస్సు ఒకటి గోడవారగా ఉంది. దాని పక్క రేకు మీద ఎస్సై చెయ్యి పెట్టి వెంటనే తీసేశాడు.

కింద సామాన్ల అర. తాళం తిరిగింది. తలుపు పైకి లేచింది. లోపలి వేడి ముఖాలకు కొట్టింది.

బాబాయి మోకాళ్ళు గుండెకు ముడుచుకుని పడి ఉన్నాడు. నోట్లో గుడ్డ. రేకు మీద లోపలివైపు తన్నిన గుర్తులు. ఆ తన్నడం ఎప్పుడో ఆగిపోయింది.

"బాబాయ్! బాబాయ్!"

కనురెప్ప కదిలింది. ఒక్క కన్నుదే.

11:50. ఆస్పత్రి.

డాక్టర్ బయటికొచ్చి ఇంగ్లీషులో చెప్పాడు. ప్రాణానికి ఇక ఫర్వాలేదు. మాత్ర పడలేదు, పైగా ఆ వేడి. పక్షవాతం. మాట కొంత వస్తోంది. కుడి చెయ్యి మాత్రం ఆశ లేదు. వన్ అవర్ ముందు తెచ్చి ఉంటే దక్కేది.

పిన్నికి ఇంగ్లీషు రాదు. కానీ ఆ రెండు మాటలూ అర్థమయ్యాయి.

"గంట అంటున్నాడా?" అంది. "ఆ గంట నాదేనా అమ్మా? నేను అద్దం ముందు కూర్చున్న గంటేనా?"

ఇన్‌స్పెక్టరమ్మ ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసింది. పిన్నిని పట్టుకుని లోపలికి నడిపించింది.

బాబాయి మేలుకునే ఉన్నాడు. మూతి ఒక పక్కకు పోయింది. మాటలు ఒక్కొక్కటే ఈడ్చుకొచ్చాడు.

"మన గది తాళం... వాడి దగ్గరుంది... నోరెత్తితే నిన్ను... అన్నాడు. అందుకే... నొక్కాను. మెసేజ్... చూశావా?"

"చూశానండీ."

"ఎన్నింటికి?"

కండక్టరు కదా, టైము కావాలి. పిన్ని ఆయన దుప్పటి అంచు సరిచేసింది. ఆమెకు అబద్ధం చెప్పడం రాదు. నిజం చెబితే ఆయన గుండె ఆగేలా ఉంది.

"7:47కి నా తలుపు బాదేసింది బాబాయ్," అంది ఇన్‌స్పెక్టరమ్మ. "చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది. మా వాళ్లకే దారి తెలీక ఆలస్యమైంది."

బాబాయి ముఖంలో కదిలే సగం వెలిగింది. "నాకు తెలుసు. నువ్వు... పట్టేస్తావని."

పిన్ని ఆయన కుడి చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది. నిమిరింది. నొక్కింది. గిల్లింది. ఆయనకు తెలియలేదు. ఆయన ఆమె ముఖమే చూస్తూ, తనని కాపాడుకున్న పెళ్ళాన్ని చూస్తున్నట్టు, గర్వంగా నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూడలేక ఆమె తల తిప్పుకుంది.

బయట ఎస్సై కాగితాలతో ఎదురుచూస్తున్నాడు. భార్య మెసేజ్ చూసింది ఎన్నింటికి, పోలీసుకి చెప్పింది ఎన్నింటికి అని రెండు గళ్ళు ఉన్నాయి. ఇన్‌స్పెక్టరమ్మ పెన్ను తీసుకుంది. కాగితం మీద అబద్ధం రాయడం ఆమెకు చేతకాదు.

7:46 అని రాసింది. పక్క గడిలో 9:05 అని రాసి, సంతకం చేసింది.

"ఈ కాగితం కాపీ పేషెంటుకి ఇవ్వాలా?" అని అడిగింది.

ఇవ్వడం రూలే అన్నాడు ఎస్సై.